అవ్వ చింపేసిన మొదలు

నాకు చాలా నవలల మొదళ్లు తెలుసు, చివర్లు తెలియవు. హంతకుడు ఎవరో, హీరోయిన్ చివరికి ఎవరిని చేసుకుందో, పోయిన నగ ఎవరి బీరువాలో దొరికిందో తెలియకుండానే పెరిగి పెద్దదాన్నయ్యాను. శ్రద్ధ తక్కువై కాదు. మాది కిరాణా అంగడి.

బాగేపల్లి బజారు వీధిలో ఉంది ఆ అంగడి. గల్లా దగ్గర కూర్చునేది మా నాయనమ్మ. మేం అవ్వ అంటాం. జీలకర్ర, మిరియాలు, శొంఠి, గసగసాలు, కొంచెం కొంచెంగా ఎవరు ఏది అడిగినా అవ్వ కాగితంలో పొట్లం కట్టి ఇస్తుంది. ప్లాస్టిక్ కవర్లు వాడొద్దని మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చెప్పినప్పుడు వీధిలో మిగతా అంగళ్లవాళ్లు ముఖాలు వేలాడేశారు. అవ్వ మాత్రం వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపింది. ఆమె కవర్లు మొదలుపెట్టి ఉంటే కదా మానడానికి.

పొట్లాల కాగితం బెంగళూరు నుంచి మూటలుగా వచ్చేది. పాత పేపర్లు, పిల్లల పాఠ్యపుస్తకాలు, ఎవరో చదివి పారేసిన నవలలు. వాటికి అట్టలుండవు. పాత కాగితాలవాడు అట్టను ముందే ఊడబీకి వేరేగా అమ్ముకుంటాడు. కాబట్టి పుస్తకం పేరేమిటి, రాసిందెవరు అనే బాధలేవీ లేకుండా నేను బియ్యం బస్తా మీద కూర్చుని ఏది దొరికితే అది చదివేదాన్ని.

వేరే అంగళ్లలో ఎక్కడ చేయి పడితే అక్కడ చింపుతారు. అవ్వ అలా చేయదు. పుస్తకాన్ని చివర నుంచే చింపాలని ఆమె నియమం. అది నా కోసం పెట్టుకున్న నియమం.

"నువ్వు ముందర నుంచి చదువుకుంటా రా. నేను యెనక నుంచి చింపుకుంటా వస్తా. యాడ కలిస్తే ఆడికి కత అయిపోయినట్లు."

ప్రేమంటే అదే అనుకుంటాను, వ్యాపారానికి నష్టం రాని ప్రేమ. మామూలు రోజుల్లో మేమిద్దరం పుస్తకం సగం దాటాక ఎక్కడో కలిసేవాళ్లం. సంత రోజైతే అవ్వ చేతివేగం ఎక్కువ. హీరో ఇంకా హీరోయిన్ని చూడకముందే వాళ్ల పెళ్లి ఆవాలతో సహా ఎవరింటికో వెళ్లిపోయేది.

నేను పీయూసీకని, అంటే ఇంటర్‌కని, రోజూ బస్సులో చిక్కబళ్లాపురం పోయి వస్తున్న రోజుల్లో, మూటలో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. అన్నీ బొమ్మలే. మనుషులకు ముఖంలో సగం కళ్లే. జపాను బొమ్మల కథలనీ, వాటిని మాంగా అంటారనీ నాకు తర్వాత తెలిసింది. అవ్వ తిరగేసి చూసి, చిన్నపిల్లల పుస్తకం అనుకుంది. అయినా నియమం నియమమే. నేను కాలేజీ నుంచి వచ్చేలోపల చివర నుంచి చింపుతూ పోయింది. కాగితం మందంగా ఉండి పొట్లానికి భలే కుదిరిందట.

సాయంత్రం వచ్చి మొదటి పేజీ తెరిచాను. బొమ్మ లేదు. ఒక గడిలో ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది. ఆగండి, మీరు పుస్తకాన్ని చివర నుంచి తెరిచారు, జపాను పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలి, దయచేసి ఇటు మూసి అటువైపు నుంచి మొదలుపెట్టండి అని. బుద్ధిగా ఇటు మూసి అటు తిప్పాను. అటువైపు ఏమీ లేదు. కొన్ని దారప్పోగులు, వాటి వెనక అవ్వ.

"అవ్వా, ఏం చేసినావు?"

"ఏం చేసినా? యెనక నుంచే కదమ్మా చింపినా."

"ఈ పుస్తకానికి యెనకే ముందర!"

అవ్వ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అట్లాంటి పుస్తకం యాడన్నా ఉంటాదా?"

"జపాన్లో ఉంటాది."

"అయితే జపాను అంగళ్లలో ముందర నుంచి చింపుతారేమోలే," అని, ఎదురుగా నిలబడిన ఆమెకు మెంతులు కట్టి ఇచ్చింది. ఏ కథలో కట్టిందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అలా జీవితంలో మొదటిసారి నా చేతికి ఒక కథ చివర దొరికింది. మొదలు లేదు.

ఆ పుస్తకంలో చాలా కథలుండేవట. అవ్వ పుణ్యమా అని చిట్టచివరిది ఒక్కటే మిగిలింది, అది కూడా తల తెగి. కథ ఇది. ఒక అమ్మాయి తలుపు మోసుకుంటూ నడుస్తుంది. నిజం తలుపే, పిడి, కీళ్లు అన్నీ ఉన్నాయి. తాడుతో వీపుకు కట్టుకుంది. వాన వస్తే తలుపు కింద దూరుతుంది. ఏరు అడ్డం వస్తే తలుపు మీద కూర్చుని దాటుతుంది. నిద్ర వస్తే దాన్నే పరుచుకుంటుంది. దారిలో ఎవరేం అడిగినా జవాబు చెప్పదు. చివరికి ఒక బయలు నేలలో తలుపును నిలబెట్టి, దాని మీది బురదను కొంగులాంటి దేనితోనో తుడిచి, జుట్టు సరిచేసుకుని, తడుతుంది. ఆఖరి పేజీలో తలుపు పిడి ఒక్కటే ఉంటుంది. కొంచెం తిరిగి ఉంటుంది. అంతే, అయిపోయింది.

ఆఖరి పేజీ మళ్లీ ఒకసారి చూశాను. తర్వాత, ఇంత కష్టపడే బదులు లగేజ్ ఆటో మాట్లాడుకుని ఉండొచ్చు కదా అని అవ్వతో అన్నాను. అవ్వ కూడా ఒప్పుకుంది.

మర్నాడు పుస్తకాన్ని బస్సులోకి తీసుకెళ్లాను, నా స్నేహితురాలికి చూపించడానికి.

ఆమెది పేరేసంద్ర. హైవే పక్కన గులాబీ తోట, తోట వెనక ఇల్లు. నేను బాగేపల్లిలో ఖాళీ బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద కర్చీఫ్ వేసేదాన్ని. పేరేసంద్ర వచ్చేదాకా ఆ కర్చీఫ్‌ను కాపాడటమే నా ఉద్యోగం. ఎవరొచ్చి అడిగినా "పేరేసంద్రలో వస్తారప్పా", "పేరేసంద్రలో వస్తారమ్మా" అని చెప్పడం. పేరేసంద్రలో మాత్రం ఆమె టైముకు వస్తే కదా. కండక్టరు విజిల్ ఊదాక తోటలోంచి "వస్తాండా, వస్తాండా" అని ఒక కేక వినబడేది. జడ ఇంకా సగమే అల్లి ఉండేది. ఎక్కే ముందు నా కిటికీ కింద బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టేది. నేను లోపల నుంచి ఒకసారి కొట్టేదాన్ని. దానికి అర్థమేమీ లేదు. కండక్టరుకు కోపం వచ్చేది, అంతే.

ఆమె నాలా కాదు, కథలను నమ్ముతుంది. చిక్కబళ్లాపురం వచ్చేదాకా మాట్లాడకుండా చదివింది. బస్సు దిగాక అడిగింది.

"ఆ తలుపు ఎవురిది?"

"నాకేం తెలుసు? అవ్వనడుగు."

"ఎవురిదో ఉంటాది కదమే. ఊరికే ఎవురు మోస్తారు?"

ఆ ప్రశ్న మీద మా బస్సు డిగ్రీ అయ్యేదాకా నడిచింది. రోజుకొక మొదలు. పేరేసంద్రలో ఎక్కగానే ఆమె ఆ రోజు మొదలు చెప్పేది, నేను దాన్ని చిక్కబళ్లాపురం లోపల పడగొట్టేదాన్ని.

"ఇల్లు వరదకు పోయింటాది. మిగిలింది అదొక్కటే."

"గడప కూడా తెచ్చుకోవాల్సింది. తలుపు ఒక్కటే తెస్తే యాడ బిగిస్తాది?"

"ఆ పిల్లకూ ఆ ఇంట్లోవాళ్లకూ జగడమై, వాళ్లు ఆ పిల్ల మొగం మీద తలుపు ఏసేసింటారు."

"అందుకని తలుపే పీక్కోని వచ్చేసిందా? మంచి పని. ఇంగెవురూ మొగం మీద ఏయలేరు."

"పోనీ నువ్వు చెప్పు."

"వాళ్ల నాయన వడ్రంగి. ఇది డోర్ డెలివరీ."

టిఫిన్ బాక్సుతో కొట్టేది. అందులో చాలాసార్లు రాగిముద్ద ఉండేది, కాబట్టి దెబ్బ బరువుగానే తగిలేది.

చింపిన పేజీల కోసం వెతికాను కూడా. ఆ రోజు ఎవరు ఏం కొన్నారో అవ్వకు గుర్తుంది. ముందు హోటలాయన దగ్గరికి వెళ్లి, "మిరియాల పొట్లం కాగితం ఉండాదా అప్పా?" అని అడిగాను.

ఆయన చేతిలో గరిట ఆగిపోయింది. "ఎందుకమ్మా? మిరియాల్లో ఏమన్నా కలిసిందా?"

"లేదప్పా, ఊరికే."

ఊరికే ఎవరూ మిరియాల గురించి అడగరు. నేను ఇంకో రెండిళ్లు తిరిగి వచ్చేసరికి మా మిరియాల్లో బొప్పాయి గింజలున్నాయని వీధంతా తెలిసిపోయింది. అవ్వ నన్ను గల్లా ముందు నిలబెట్టింది.

"నీ తలుపు కోసరం నా అంగడి తలుపు మూపిస్తావా ఏమే?"

అయినా ఒక పేజీ దొరికింది. బస్టాండు దగ్గర పూలు కట్టే అక్క, జీలకర్ర డబ్బాలో పోసుకున్నాక ఆ కాగితంలో ఆకూ వక్కా చుట్టి రొండిన పెట్టుకుంది. ఆకూ వక్కా మాత్రం తీసుకుని, కాగితం నాకిచ్చింది. మడతలు పడి, జీలకర్ర వాసన వేస్తున్న ఆ పేజీలో ఒక బొమ్మే పేజీ అంతా ఉంది. అదే అమ్మాయి, పిడికిలి ఎత్తి తలుపు తట్టబోతోంది. తలుపు ఇంకా ఇంటి గోడకే ఉంది.

స్నేహితురాలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. "చూడు, ఇల్లుండాది. ముందర ఇల్లు ఉన్నింది."

"భలే కనిపెట్టినావు. తలుపులు సాధారణంగా ఇండ్లకే ఉంటాయి."

"ఇది నా దగ్గరుండనీ. నీ దగ్గరుంటే జోకులేసి పాడు చేస్తావు."

ఇచ్చేశాను. దాన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. ఆ ఏడాది ఆమె లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా క్లాసులో పోపు వాసన వచ్చేది.

డిగ్రీ అయిపోయింది. ఆమెకు చింతామణి సంబంధం కుదిరింది. టొమోటో మండీ ఉన్నవాళ్లు, మంచివాళ్లు. పెళ్లిలో నేను బాగా తిన్నాను, బాగా నవ్వించాను. ఫోటోలు తీసే ఆయన రెండుసార్లు నన్ను నోరు మూసుకోమన్నాడు, పెళ్లికూతురి కళ్లు మూసుకుపోతున్నాయని. ఆ ఫోటోల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఎవరైనా చూస్తే ఎంత సంతోషంగా పంపారో అనుకుంటారు.

చింతామణి చంద్రమండలం కాదు. బాగేపల్లి నుంచి చేళూరు మీదుగా బస్సుంది. పొద్దున పోయి, మధ్యాహ్నం అన్నం తిని, చీకటిపడేలోపల ఇంటికి రావచ్చు. నేను పోకపోవడానికి కారణం కూడా అదే. దూరమైతే దాన్ని ప్రయాణం అంటారు, సెలవు పెడతారు, సంచి సర్దుకుంటారు, పోతారు. దగ్గరైతే వచ్చే ఆదివారం పోదాంలే అంటారు. వచ్చే ఆదివారం అనేది చాలా పెద్ద ఊరు, అందులోంచి బయటపడటం కష్టం.

ఫోనులో మాట్లాడుకునేవాళ్లం. తర్వాత మెసేజీలయ్యాయి. తర్వాత ఆమె పొద్దున్నే గులాబీ బొమ్మ పంపేది. గులాబీ తోటలో పుట్టిన మనిషి ఎవరో తయారుచేసిన గులాబీ బొమ్మ పంపడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నేను జోకు పంపేదాన్ని. జవాబుగా వరుసగా వచ్చే నవ్వు ముఖాలు మెల్లగా తగ్గి, ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ మర్యాదకు నవ్వినట్టే ఉండేది.

నాకు చిక్కబళ్లాపురంలోనే పూలు బయటి ఊళ్లకు పంపే ఆఫీసులో పని దొరికింది. అదే బస్సు, అదే కిటికీ. పేరేసంద్ర వచ్చేసరికి నేను ఫోనులో ఏదో ముఖ్యమైనది చూసుకుంటాను.

ఆ రోజుల్లోనే ఒకరోజు చిక్కబళ్లాపురం బస్టాండులో ఒక కుర్రాడి టీషర్టు మీద ఒక ముఖం కనిపించింది. ముఖంలో సగం కళ్లు. ఎక్కడో చూశాననిపించింది. తర్వాత చూస్తే ఆ కళ్లు ఊరంతా ఉన్నాయి, బైకుల వెనక, ఫోను అట్టల మీద, సెలూను అద్దం పక్కన. నా సగం పుస్తకంలో ఒక పేజీ మూలన ఉన్న పేరును ఫోనులో కొట్టి చూశాను. ఆ కథల మనిషి చిన్నవాడేమీ కాదు. లోకమంతా ఎదురుచూసే ఏదో పెద్ద కథ వేసినవాడు. దాని గురించి పేజీలకు పేజీలు, వీడియోలు, జగడాలు. మా తలుపు పిల్ల గురించి మాత్రం జాబితా అడుగున ఒక్క పంక్తి ఉంది. తొలి రోజుల్లో వేసిన చిన్న కథ, చదవకపోయినా ఏమీ కాదు అని ఎవరో రాశారు.

చుట్టాలను ఎవరో తిట్టినంత కోపం వచ్చింది నాకు. చదివితే ఏమవుతుందో మా బస్సు కండక్టరును అడగండి అని జవాబు రాసి, పంపకుండా చెరిపేశాను.

పుస్తకం కొత్త కాపీలు ఎక్కడా లేవు. చాలాకాలం చూడగా చూడగా ఎవరో వాడిన కాపీ ఒకటి అమ్మకానికి కనబడింది. తెప్పించాను. పార్సిల్ రాగానే అవ్వ ముందు అట్టపెట్టెను చూసి, "పెట్టె బాగుండాది, ఈడ పెట్టు," అంది. పుస్తకం అట్టలతో సహా నిండుగా ఉంది. కుడివైపు నుంచి తెరిస్తే చాలు. తెరవలేదు. బొటనవేలు అక్కడ పెట్టి, తీసేశాను.

భయం వేసింది. నా స్నేహితురాలికీ నాకూ మధ్య మిగిలిందల్లా ఆ తెలియని మొదలే. అది కూడా తెలిసిపోతే ఇక గులాబీ బొమ్మలు తప్ప ఏం మిగులుతుంది?

అయినా మెసేజీ పెట్టాను. "మొదలు దొరికింది."

రాస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి.

"చూసేసినావా?"

"లేదు."

"చూడొద్దు. నేనూ ఉండాల." కాసేపటికి ఇంకోటి. "ఆదివారం రా. వచ్చే ఆదివారం కాదు, ఈ ఆదివారం."

నవ్వు ముఖం పెట్టలేదు. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆదివారం పొద్దున అవ్వ పుస్తకానికి పేపరు చుట్టి, దారం కట్టి ఇచ్చింది. "ఈ తూరి యాడ నుంచీ చింపలేదు. ముందర, యెనక, రెండు పక్కలా చూసుకో. మళ్లా నా మీద చెప్పొద్దు."

చేళూరు మీదుగా పోతున్నంతసేపూ ఆ పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, వాళ్ల తలుపు ఎలా తట్టాలా అని ఆలోచించాను. ఒకసారా, రెండుసార్లా? ఏమని పిలవాలి? ఎంతో ఆలోచించి, రెండుసార్లు అరచేత్తో కొట్టాలని తేల్చుకున్నాను.

వీధి చివర ఖాళీ టొమోటో క్రేట్లు పేర్చి ఉన్న ఇల్లు వాళ్లది. తలుపు బార్లా తెరిచి ఉంది. తట్టడానికి ఏమీ లేదు. గడపకు అడ్డంగా పెద్ద బేసిన్ పెట్టుకుని, వాళ్లత్తా నా స్నేహితురాలూ అనపగింజలు పితుకుతున్నారు. నానబెట్టిన గింజను వేళ్ల మధ్య నొక్కితే తోలు వదిలి పప్పు ఎగిరి వస్తుంది. చలికాలంలో మా వైపు ఇళ్లలో అందరి వేళ్లకూ ఇదే పని.

"రామ్మా, రా," అంది వాళ్లత్త. "బాగేపల్లి నుంచేనా? చేతులు ఖాళీగానే ఉండాయి కదా, కూర్చో. పితుకు."

పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. స్నేహితురాలు కొంచెం పక్కకు జరిగింది. జడ పూర్తిగా అల్లి ఉంది. అది నాకు నచ్చలేదు.

"బాగుండావా?"

"బాగుండా. నువ్వు?"

"బాగుండా. అవ్వ బాగుండాదా?"

"బాగుండాది."

బ్యాంకు క్యూలో పక్కపక్కన నిలబడినవాళ్లు కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు. ముగ్గురం పితుకుతూనే ఉన్నాం. తడి చేతులతో పుస్తకం ముట్టుకోవడానికి లేదు, బేసిన్ చూస్తే తరిగేలా లేదు. వచ్చే బస్సు ఎన్నింటికో అడుగుదామా అనుకుంటున్నాను. నా వేళ్ల మధ్య నుంచి ఒక పప్పు ఎగిరి ఆమె బుగ్గకు తగిలింది.

ఆమె తుడుచుకోలేదు, తలెత్తలేదు. "నాకింగొకటి తోచింది మే," అంది. "ఆ తలుపు ఆ పిల్లదే అయింటాది. వాళ్ల ఇంటిదే."

"సొంత తలుపు తట్టేదానికి అంత దూరం పోవాల్నా?"

"బయటికి పోయినోళ్లకు అట్లనే ఉంటాది."

"ఎప్పుడు తోచింది ఇది?"

"పోయినేడు. టొమోటో ఏరతాంటే."

పెళ్లయ్యాక కూడా ఆమె మొదళ్లు కనిపెడుతూనే ఉంది. పడగొట్టే మనిషి లేకపోవడంతో అవన్నీ ఎక్కడో పోగుపడి ఉన్నాయన్నమాట.

వాళ్లత్త చేయి ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏం తలుపు? ఎవురింట్లో పోయింది తలుపు?"

"కతలోదత్తా."

"పోలీసులకు చెప్పినారా లేదా?"

బేసిన్ ఖాళీ అయ్యాక స్నేహితురాలు నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. చేతులు కడుక్కున్నాం. అలమారలో మసాలా డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్క డబ్బా తీసి కింద పెట్టి, అరలో పరిచిన కాగితం జాగ్రత్తగా పైకి లేపింది. అదే పేజీ. పిడికిలి ఎత్తిన పిల్ల, గోడకున్న తలుపు. డబ్బాల గుండ్రటి ముద్రలు, ఒక మూల పసుపు.

"దీన్ని తెచ్చి డబ్బాల కింద పరిచినావా?" అన్నాను. "నేనైతే జోకులేసి పాడు చేస్తానని తీసుకున్యావు కదే?"

"యాడ పెట్టినా పోతాదేమో అని భయం. ఈడైతే గాలికి పోదు. జీలకర్ర తీసినప్పుడంతా కనపడతాది."

ఎంత సేపు నవ్వకుండా ఉండొచ్చో అంతసేపు నవ్వకుండా ఉన్నాను.

వాకిట్లో వెలుతురుకు కూర్చుని అవ్వ కట్టిన దారం విప్పాం. కుడివైపు నుంచి తెరిచాం. వేరే కథలన్నీ దాటుకుంటూ చివరి కథకు వచ్చాం. ఎన్నో ఏళ్లు బస్సులో కట్టిన ఇళ్లన్నీ, వరదలు, జగడాలు, వడ్రంగులు, మా వెనకే నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

మొదటి పేజీలో పొద్దున. ఆ పిల్ల బడిసంచితో వచ్చి ఒక ఇంటి తలుపు తడుతుంది. లోపల నుంచి మాట వినిపిస్తుంది, మనిషి కనిపించదు. రెండో పేజీలో వాన, గొడుగు, అదే తలుపు, అదే మాట. తర్వాత మంచు, అదే మాట. ఇంగ్లీషులో ఉన్న ఆ చిన్న మాటను స్నేహితురాలు వేలు పెట్టి, తన మాటలో పైకి చదివింది.

"వస్తాండా, వస్తాండా."

"లోపలుండే పిల్లకు కూడా జడ ఏసుకునేది లేటేమో," అన్నాను.

తర్వాత జీలకర్ర పేజీ. ఆమె పాతదాన్ని కొత్తదాని పక్కన పెట్టింది. తర్వాత సామాన్లు వేసుకుని పోతున్న లారీ. తర్వాత ఇంకో పొద్దున. పిల్ల వచ్చి తడుతుంది, మాట రాదు. తలుపు వెనక్కి వెళ్లి చూస్తుంది. ఇల్లు లేదు. పడగొట్టేశారు. తలుపు ఒక్కటే నిలబడి ఉంది. పిల్ల తాడు తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి నా సగం మొదలు.

"ఇంతేనా?" అంది స్నేహితురాలు.

"ఇంతే."

వాళ్లత్తకు కథంతా చెప్పాల్సి వచ్చింది. ఆమె శ్రద్ధగా విని, "తెచ్చుకుని మంచి పని చేసినాది. టేకు తలుపు ఇప్పుడు చేపిచ్చుకోవాలంటే అయ్యే పనేనా?" అని, పప్పు తీసుకుని లోపలికి పోయింది.

ఇద్దరమే మిగిలాం. నేను భయపడింది ఈ నిమిషానికే. ప్రశ్న అయిపోయింది. ఆమె పుస్తకం మూయలేదు. ఆఖరి పేజీ తీసి, తిరిగిన పిడిని చూస్తూ కూర్చుంది.

"మరి లోపల ఎవురుండారు?"

"ఏ లోపల?"

"ఇది తిరుగుతాండాది కదా. తలుపు యెనక ఇల్లే లేదు. ఇంగెవురు తిప్పుతాండారు?"

నేనూ వంగి పిడిని చూశాను. చివర నా దగ్గరే ఉందని ఇన్నేళ్లూ అనుకున్నాను. చివర్లు నాకెప్పుడూ తెలియవు, ఈ ఒక్కటైనా తెలుసనుకున్నాను.

"ఇన్ని దినాలు ఎందుకు రాలేదే?" అంది ఆమె, పేజీ మీదనుంచి చూపు తీయకుండానే.

"తలుపు బరువుగా ఉండాది."

ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"లగేజ్ ఆటో మాట్లాడుకోవాల్సింది."

సాయంత్రం బస్టాండు దాకా వచ్చింది. పుస్తకం తన దగ్గరే పెట్టుకుంది. "నీ దగ్గర సగముండాది కదా. కావాలంటే వచ్చి తీసుకోని పో," అంది. జీలకర్ర పేజీ మాత్రం మడిచి నా సంచిలో పెట్టింది. అరలో కొత్త కాగితం పరుచుకుంటానంది. బస్సు కదిలేముందు నా కిటికీ కింద రేకు మీద రెండుసార్లు కొట్టింది. నేను లోపల నుంచి ఒకసారి కొట్టాను. ఈ కండక్టరుకు కూడా కోపమే వచ్చింది.

ఊరు దాటాక ఒక స్టాపులో ఒకామె బుట్టతో ఎక్కి నా పక్క సీటు వైపు చూసింది. "ఈడ ఎవురన్నా వస్తారామ్మా?"

చూసుకుంటే సీటు మీద నా కర్చీఫ్ ఉంది. ఎప్పుడు వేశానో నాకు తెలియదు.

"పేరేసంద్రలో వస్తారమ్మా," అన్నాను.

"ఈ బస్సు పేరేసంద్రకు పోదు కదమ్మా. చేళూరు మింద పోతాది."

"అవును కదా," అని కర్చీఫ్ తీసేశాను.

ఆమె కూర్చుని బుట్టను నా పాదాల దగ్గర పెట్టింది. అందులో ఒక కోడి ఉంది. అది బాగేపల్లి దాకా నన్నే చూస్తూ వచ్చింది.